రేపల్లె బండిలో మీగడ రోస్టు

"అమ్మ ఇప్పుడు ఏం పెట్టినా బాగుందమ్మా అంటోందే" అని మా అన్నయ్య ప్రసాదరావు రేపల్లె నుంచి ఫోన్ చేసి చెప్పాడు. సంతోషంగానే చెప్పాడు. నాకు మాత్రం భయం పట్టుకుంది. తెనాలి నుంచి బాపట్లకూ, బాపట్ల నుంచి తెనాలికీ, తెనాలి నుంచి రేపల్లెకూ రెండు రోజులపాటు నేను పచ్చి మాంసం కోసం, ఆపైన దాన్ని మోసుకుని తిరగడానికి కారణం ఆ ఒక్క మాటే.

మా పెద్దమ్మ శాంతమ్మ మా అమ్మకు అక్క, ప్రసాదరావుకు తల్లి. ఎనభై దాటింది. మిషనాసుపత్రిలో నర్సుగా చేసి రిటైరైంది. ఆవిడకు ఆ పేరు పెట్టినవాళ్లకు ముందుచూపు లేదు. ఆవిడకు నచ్చేలా వండిన మనిషి ఈ చుట్టుపక్కల ఇంతవరకూ పుట్టలేదు. పెళ్లి భోజనంలో పప్పు మీద, జ్ఞాపకార్థ కూడికలో బిర్యానీ మీద, చివరికి గుళ్లో ప్రభువు బల్ల దగ్గర ఇచ్చే రొట్టె మీద కూడా తీర్పు చెప్పింది. "పిండి సరిగా జల్లించలేదు" అని. అలాంటి మనిషికి క్రిస్మస్ ముందు జ్వరం వచ్చింది. జ్వరం తగ్గింది, దానితోపాటు నోరూ తగ్గింది. డాక్టరుకు చూపిస్తే ఏ జబ్బూ లేదన్నాడు. రెండు చెంచాల జావ తాగి, గిన్నె పక్కన పెట్టి, బాగుందమ్మా అంటోందట. మనిషి సగమైందట.

మా వదిన గ్రేస్ దీన్ని దేవుడి కార్యంగా తీసుకుంది. పాస్టరుగారు ఇంటికొచ్చి ప్రార్థన చేసి, అత్తగారి మారిన మనసు గురించి అందరి ముందూ వదినతో సాక్ష్యం చెప్పించారు. ముప్పై ఏళ్లు ఆ అత్తగారి కింద చారు కాచిన మనిషి కాబట్టి నేను ఆమెను తప్పుపట్టలేను. అయినా పట్టాను. "వదినా, పెద్దమ్మ మారలేదు, వెళ్లిపోతోంది" అన్నాను ఫోన్లో. "నీకు మంచి కూడా చెడ్డగానే కనిపిస్తుంది విజయా" అని పెట్టేసింది.

నేను తెనాలిలో ఒక జూనియర్ కాలేజీలో సివిక్స్ చెబుతాను. వాదించడం నాకు కాలేజీలో ఉద్యోగం, ఇంట్లో అలవాటు. ఆ అలవాటు ఎక్కడి నుంచి వచ్చిందో మా వాళ్లందరికీ తెలుసు. మా అమ్మ వైపు ఆడవాళ్లు బతికి ఉన్నారనడానికి గుర్తు నాడి కాదు, వంక. అందుకని పెద్దమ్మ వంక పెట్టకుండా ఉండలేని వంట ఒకటి చేయాలనుకున్నాను. ఆలోచించాల్సిన పనే లేకపోయింది. మీగడ రోస్టు.

ఆవిడ పడుచుగా ఉన్నప్పుడు ఆసుపత్రి మేట్రన్ దొరసాని నేర్పిన వంట అది. పందిమాంసం పెద్ద ముక్కను రాత్రంతా మసాలాలో నానబెట్టి, మర్నాడు నిప్పుల సెగ మీద మెల్లగా కాల్చి, కారిన రసంలో మీగడ కలిపి సాసు చేసి పోయాలి. దొరసాని దేశంలో దాన్నేమంటారో పెద్దమ్మకు తెలియదు. దొరసాని వెళ్లిపోయాక దాంట్లోకి ఆవాలు, వెల్లుల్లి, గేదె పెరుగు వచ్చి చేరాయి. మా అమ్మ జీవితాంతం చేసింది, ఒక్కసారీ పాసు కాలేదు. "పర్లేదు" అన్న మాట కూడా వినకుండానే పోయింది.

శుక్రవారం కాలేజీకి సెలవు పెట్టి, పొద్దున్నే తెనాలి స్టేషన్‌కు వెళ్లి బాపట్ల వైపు పోయే పాసింజరు ఎక్కాను. తెనాలిలో పందిమాంసం దొరకదా అంటే దొరుకుతుంది. కాకపోతే ఆ పందులు ఏ వీధిలో ఏం తిని పెరిగాయో నాకు ముఖపరిచయం ఉంది. బాపట్లలో సూర్యలంక రోడ్డు మీద ఒకాయన తెల్ల సీమపందుల్ని షెడ్డు వేసి పెంచుతున్నాడని, శుక్ర, శనివారాల్లో అమ్ముతాడని నా పాత క్లాస్‌మేట్ చెప్పింది. "నాకు ఎలా తెలుసని మాత్రం అడక్కు" అని కూడా చెప్పింది. ఆమె భర్త శాకాహారం మీద ఉపన్యాసాలిస్తాడు.

టిక్కెట్టు టీ ఖరీదుకు కాస్త ఎక్కువ. మాఘమాసపు పొద్దు, కిటికీలోంచి చలిగాలి. చుండూరు దాటాక ఇరువైపులా కోసిన వరిమళ్లలో మినుము పచ్చగా ఉంది. నిడుబ్రోలులో ఇడ్లీలు అమ్మకానికి వచ్చాయి. చట్నీ పలచన. కొనదలచినవారు కారప్పొడి ఇంటి నుంచి తీసుకెళ్లడం మంచిది. అప్పికట్ల దగ్గర బండి కారణం చెప్పకుండా చాలాసేపు ఆగింది. ఎదురుగా కూర్చున్న పెద్దాయన తనకు తెలిసిన రైల్వే మంత్రులందరినీ పేరుపేరునా తిట్టి ముగించేసరికి కదిలింది.

బాపట్లలో దిగి ఆటో మాట్లాడుకున్నాను. సూర్యలంక అనగానే ఆటో అతను "బీచికా అమ్మా?" అన్నాడు. పందుల షెడ్డుకన్నాను. అద్దంలోంచి ఒకసారి చూసి, "మందుకా అండీ?" అన్నాడు.

ఇక్కడ చదివేవాళ్లకు ఒక సంగతి చెప్పాలి. మా ప్రాంతంలో పరువు గల మనిషి ఎవరూ పందిమాంసం తినరు. మొలలకు మంచిదని ఎవరో చెప్పారని, మందుగా మాత్రమే తింటారు. కిలో మందు, రెండు కిలోల మందు, అందులోకి అల్లం వెల్లుల్లి. ఆ లెక్కన చూస్తే ఇంతమందికి ఈ జబ్బు ఉన్న జిల్లా దేశంలో ఇంకోటి ఉండదు.

"మందుకి కాదు బాబూ, రుచికి" అన్నాను. అతను మళ్లీ వెనక్కి చూడలేదు.

షెడ్డు శుభ్రంగానే ఉంది. యజమాని లుంగీ మీద ఆప్రాన్ కట్టుకున్న నడివయసు మనిషి. ముందే కోసిన మాంసం ఐసు మీద ఉంది. తొడ భాగం చూపించి, కొవ్వు పొర ఉన్నవైపు రెండు కిలోల ముక్క ఇవ్వమన్నాను. ఆయన తూచాడు, మొద్దు మీద పెట్టాడు, "కూరకా, వేపుడుకా?" అంటూనే కత్తి ఎత్తి ఒక్క దెబ్బ వేశాడు.

"ఆగండి! ముక్కలు కొట్టొద్దు!" అని నేను అరిచిన అరుపుకు వెనకాల షెడ్డులో పందులు కూడా గురగుర ఆపాయి.

"కొట్టకుండా ఎట్టా తింటారండీ?"

"అది నా బాధ. ముక్క మొత్తం ఒకటిగా కావాలి."

"గిన్నెలో పట్టదమ్మా. మసాలా ఎక్కదు. ఇన్నేళ్లలో ఎవరూ అట్టా అడగలేదు."

"అడిగేవాళ్లు ఇవాళ వచ్చారు. ఆ కత్తి కింద పెట్టండి."

ఆయన పెట్టాడు. కానీ ఆ చెయ్యి అలవాటు ఎలాంటిదంటే, నేను పర్సు తీసేలోపు మళ్లీ కత్తి మీదకు పోయింది. నేను మొద్దుకు అడ్డంగా చెయ్యి పెట్టాను. అప్పటికే ముక్క మధ్యలో సగం దాకా ఒక గాటు పడింది. దాన్ని పురికొసతో కట్టుకోవచ్చని సమాధానపడి, మంచు ముక్కలు వేసిన స్టీలు క్యానులో పెట్టించి, క్యాను వైరు బుట్టలో దించుకున్నాను. నేను ఆటో ఎక్కుతుంటే ఆయన ఎవరితోనో అంటున్నాడు: "చదువుకున్నోళ్లు. కోయించుకోవడం కూడా రాదు."

తిరుగు బండిలో రద్దీ. బాపట్లలో చేపల బుట్టలతో ఇద్దరు ఆడవాళ్లు ఎక్కి తలుపు దగ్గర కూర్చున్నారు. నేను సీట్ల మధ్య నిలబడ్డాను. మోకాలికి బుట్ట తగులుతోందని ఒక ఆఫీసు మనిషి విసుక్కున్నాడు.

"ఏంటండీ అందులో, చేపలా?"

"కాదండి. పంది."

ఆయన కాళ్లు వెనక్కి తీసుకున్నాడు. పక్కావిడ చీర కొంగు సర్దుకుంది. వాళ్ల పక్కనున్న కుర్రజంట ఏదో గుర్తొచ్చినట్టు లేచి అవతలి పెట్టెలోకి పోయారు. నాకు కిటికీ సీటు దొరికింది. తలుపు దగ్గర కూర్చున్న చేపలావిడ ఇదంతా చూసి పగలబడి నవ్వింది.

"నా బుట్ట కంపుకి కదలనోళ్లు, నీ బుట్ట పేరు చెప్పగానే లేచిపోయారు చూడు అక్కా! రేపటి నుంచి నేనూ అదే పేరు చెబుతా."

"చెప్పు. సీటు దొరుకుతుంది, బేరం దొరకదు" అన్నాను. ఆమె వచ్చి నా పక్కన కూర్చుంది. నిడుబ్రోలు దాకా మేమిద్దరం ఆ పెట్టెలో రాజ్యం చేశాం.

మధ్యాహ్నానికి ఇల్లు చేరాను. గడ్డపెరుగులో వెల్లుల్లి, అల్లం, కచ్చాపచ్చాగా దంచిన మిరియాలు, ఆవపిండి, నిమ్మరసం, కొంచెం బెల్లం, ఉప్పు కలిపి, ముక్కకు ఫోర్కుతో పొడిచి నాలుగువైపులా పట్టించి, గాటు పడిన చోట పురికొసతో బిగించి ఫ్రిజ్‌లో పెట్టాను. మా ఆయన వచ్చి తలుపు తీసి చూశాడు.

"మన పెరుగు గిన్నె పక్కనే పెట్టావేంటి?"

"రెండూ పెరుగే. ఒకదాంట్లో పంది ఉంది, అంతే తేడా."

"మీ పెద్దమ్మ తినకపోతే?"

"తినకపోవడం కాదు. తిని బాగుందంటే ఏం చేయాలో చెప్పు" అన్నాను. ఆయన పెరుగు గిన్నె పై అరలోకి మార్చాడు. ముప్పై ఏళ్ల కాపురంలో ఈయన నాతో వాదించడం మానేశాడు. ఆరోగ్యంగానే ఉన్నాడు. ఆయన మా అమ్మ వైపు మనిషి కాదు కదా.

శనివారం పొద్దున రేపల్లె బండి. తెనాలి నుంచి రేపల్లెకు బస్సులున్నాయి కానీ రోడ్డు కుదుపులకు నానిన మాంసంలోంచి రసం తొణుకుతుంది. బండే మేలు. టైములు మారుతుంటాయి కనుక స్టేషన్లో అడిగి వెళ్లండి. ఆ లైను మీద బండికి తొందర ఉండదు. చినరావూరు, జంపని, వేమూరు, పెనుమర్రు అంటూ చుట్టపుచూపుగా ప్రతి ఊళ్లోనూ ఆగి పలకరించి పోతుంది. క్యానుతోపాటు ఈసారి గుడ్డ కట్టిన మీగడ గిన్నె కూడా ఒళ్లో ఉంది.

వేమూరులో ఎక్కిన ఒక రిటైర్డు మేష్టారు నా బుట్ట చూసి, "ఎవరి తాలూకమ్మా, రేపల్లెలో?" అని మొదలుపెట్టి, చివరికి క్యానులో ఏముందో తెలుసుకున్నారు. ఆయన లేవలేదు. చుట్టూ చూసి, గొంతు తగ్గించి, "మాకు కూడా డాక్టరుగారు మందుగా వాడమన్నారమ్మా. అది... ముక్క మెత్తగా రావాలంటే పెరుగు చాలా, బొప్పాయి వేయాలా?" అన్నారు.

"ఏ డాక్టరండీ?"

"ఉన్నాడు లేమ్మా, ఒకాయన" అని ఆయన భట్టిప్రోలు దాకా కిటికీలోంచి పొలాలు చూశారు. దిగేముందు మాత్రం, "బొప్పాయి సంగతి చెప్పావు కాదు" అన్నారు. పెరుగు చాలని చెప్పాను.

రేపల్లెలో దిగి ఆటోలో అన్నయ్య ఇంటికి వెళ్లేసరికి టిఫిన్ వేళ దాటింది. పెద్దమ్మ ముందుగదిలో మంచం మీద కూర్చుని ఉంది. భుజాలు చిన్నవైపోయాయి. నన్ను చూసి నవ్వింది. ఆ నవ్వే నాకు నచ్చలేదు. మామూలుగా నన్ను చూడగానే "ఆ చీరేంటే, కర్టెనా?" అనాలి.

"వచ్చావా అమ్మా. కూర్చో."

గ్రేస్ వదిన ఇద్దరికీ కాఫీ తెచ్చింది. నేను ఒక గుక్క తాగాను. డికాషన్ మాడింది, చక్కెర లేదు. పెద్దమ్మ తాగి, గ్లాసు కింద పెట్టి, "బాగుందమ్మా" అంది. వదిన నావైపు చూసింది. చూశావా అన్నట్టుందనుకున్నాను అప్పుడు.

బుట్టలో ఏముందో చెప్పగానే వదిన ముఖం మారింది. "నా వంటింట్లోకా? పోయినేడే చేయించాం విజయా ఆ అరలన్నీ. సాయంత్రం సహవాస ప్రార్థన మా ఇంట్లోనే. మీ అన్నయ్య సంఘ కమిటీలో ఉన్నారు."

"కమిటీలో ఉన్న ఎంతమందికి మొలలున్నాయో నాకు తెలుసు వదినా."

"వద్దన్నాను కదా."

వంటింటి మూల ఓవెన్ ఉంది. బంధువులెవరో ఇచ్చిన బహుమతి. దాని మీద ఎంబ్రాయిడరీ గుడ్డ, గుడ్డ మీద ప్లాస్టిక్ పూలు. అందులో ఇంతవరకూ వండిన వస్తువు లేదు. పంది మాంసంతో బోణీ చేయనివ్వనంది. అన్నయ్య మా ఇద్దరి మధ్యా నిలబడి, "బజార్లో బేకరీ ఉందిగా" అన్నాడు. అది నిజమే. మా ఊళ్లలో క్రిస్మస్‌కు ప్రతి ఇంటివాళ్లూ కేకు పిండి కలుపుకుని, డబ్బా మీద ఇంటిపేరు చీటీ అంటించి, బేకరీ పొయ్యిలో కాల్పించుకొచ్చేవాళ్లు. డబ్బాలు తారుమారై మా కేకు ఇంకొకరింటికి, వాళ్లది మాకు వచ్చిన ఏళ్లున్నాయి. పెద్దమ్మ ఒక్క ముక్క తిని, "ఇది మన కోడిగుడ్డు కాదు" అని తిప్పి పంపేది.

క్యాను పట్టుకుని అన్నయ్య స్కూటరు మీద బేకరీకి వెళ్లాం. గుమ్మం మీద కొత్త బోర్డు: "స్వచ్ఛమైన ఎగ్‌లెస్." ఓనరు మమ్మల్ని గుర్తుపట్టి లేచాడు. సంగతి విన్నాక మళ్లీ కూర్చున్నాడు.

"అక్కా, ఎగ్‌లెస్ బోర్డు కింద పందిని పెట్టమంటారా?"

"ఇదే పొయ్యిలో మా కేకులకు కోడిగుడ్లు డజన్లకొద్దీ పోశావుగా!"

"అప్పుడు బోర్డు లేదుగా అక్కా" అన్నాడు. ఏ మాటకామాటే చెప్పాలి, అందులో తప్పుపట్టడానికి ఏమీ దొరకలేదు. అతని దగ్గర రస్కులు కొనుక్కుని వచ్చేశాం.

చివరికి మిగిలింది ఇసుక. బేకరీకి కూడా పోలేని రోజుల్లో మా అమ్మమ్మవాళ్లు కేకును ఇసుకలో కాల్చేవారు. పెద్ద డేగిసాలో జానెడు ఇసుక పోసి, పొయ్యి మీద బాగా కాగనిచ్చి, అందులో గిన్నె దించి, పైన మూత పెట్టి, మూత మీద నిప్పులు పరవాలి. కింద సెగ, పైన సెగ. పెరట్లో కట్టుబడికి తెచ్చిన ఇసుక ఉంది. ఇటుకలు పేర్చి పొయ్యి పెట్టాను. అన్నయ్య అటక మీంచి డేగిసా దించాడు. కొబ్బరి డొక్కలు అంటించాను. వంటింటి గడప దాటి రానంత వరకూ అభ్యంతరం లేదని వదిన ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని చెప్పింది.

పెద్దమ్మ మంచాన్ని వెనక వరండాలోకి జరిపించాను. అన్నీ ఆవిడ కళ్ల ముందే జరగాలి. ఇది నా వంటకు పరీక్ష కాదు. ఆవిడకు పరీక్ష అది.

"పెద్దమ్మా, ఇసుక కాగిందా?"

"చూసుకో అమ్మా."

"ముక్క కొవ్వు పైకి పెట్టనా, కిందికా?"

"నీ ఇష్టం."

నీ ఇష్టం! ఈ మాట ఆవిడ నోటి నుంచి వినడానికి నాకు యాభై రెండేళ్లు పట్టింది. చేతిలో అట్లకాడ ఉంది కాబట్టి సరిపోయింది, లేకపోతే ఏం పట్టుకునేదాన్నో తెలియదు. నేనింకా రెచ్చగొట్టాను. మూత మీద నిప్పులు కావాలని ఒక పక్కకే పోశాను. గిన్నె మూత మాటిమాటికీ తీసి చూశాను. ఇవన్నీ ఆవిడ చట్టంలో నేరాలు. ఆవిడ కోళ్లను చూస్తూ కూర్చుంది. సరిదిద్దింది కోడళ్లలో నోరులేనిదని పేరున్న మా వదినే. గడప మీంచి, "అటు పక్క నిప్పుల్లేవు విజయా, ఒకవైపే మాడుతుంది" అంది. కాసేపటికి కొంగు ముక్కు మీంచి జారిపోయింది, ఆమె గమనించలేదు. వెల్లుల్లీ ఆవాలూ కలిసి కాలుతున్న వాసన పెరడు దాటి వీధిలోకి పోయింది. అన్నయ్య మూడుసార్లు ఏదో వెతుక్కుంటూ అటువైపు వచ్చాడు.

ఒంటిగంట దాటాక ముక్క తీశాను. పైపొర ఎర్రగా, కొవ్వు మెరుస్తూ వచ్చింది. దాన్ని పక్కన పెట్టి, గిన్నె అడుగున కారిన రసంలో సన్నగా తరిగిన ఉల్లిపాయ మగ్గించి, చెంచాడు మైదా కలియబెట్టి, దించాక మీగడ పోశాను. సాసు మొగలిరేకు రంగుకు తిరిగింది. విరగలేదు. చెప్పుకుంటే గొప్పగా ఉంటుంది కానీ, అంత బాగా నాకెప్పుడూ కుదరలేదు.

అప్పుడు నా ఆఖరి అస్త్రం తీశాను. ఈ రోస్టును పోగులకు అడ్డంగా, తమలపాకు మందాన కోయాలి. నిలువునా మందంగా కోస్తే పెద్దమ్మ పళ్లెం తోసేస్తుంది. మా అమ్మ ఒకసారి అలా కోసినందుకు రెండు క్రిస్మస్‌లు మాటల్లేవు. నేను నిలువునా, బొటనవేలు మందాన రెండు ముక్కలు కోసి, సాసు పోసి, ఆవిడ చేతికిచ్చాను.

ఆవిడ వేళ్లతో తుంచుకుంది. నోట్లో పెట్టుకుంది. నమలడానికి చాలాసేపు పట్టింది. అన్నయ్య గోడకు ఆనుకున్నాడు. వదిన గడప దాటి వచ్చి నిలబడింది. ఇంకో తుంపు. తర్వాత ఇంకోటి. సాసు వేలితో తుడుచుకుని నాకింది. తల ఎత్తకుండా రెండు ముక్కలూ తినేసింది.

"బాగుందమ్మా" అంది.

గిన్నెలు తీసుకుని పంపు దగ్గరికి పోయాను. కళ్లు మండాయి. డొక్కల పొగ అని చెప్పుకోవడానికి వీలుగా పొయ్యి ఇంకా పొగుస్తూనే ఉంది. వదిన వెనకాలే వచ్చింది. దెప్పుతుందనుకుని నేను కూడా మాట సిద్ధం చేసుకున్నాను. ఆమె నా చేతిలోంచి డేగిసా తీసుకుని, తోముతూ మెల్లగా చెప్పింది.

"మొన్న ఆదివారం కూరలో ఉప్పు వేయలేదు విజయా. కావాలనే. చూద్దామని."

"ఏమంది?"

"బాగుందంది. ఇవాళ కాఫీలో చక్కెర కూడా వేయలేదు. డికాషన్ మాడ్చాను. ముప్పై ఏళ్లు ఈవిడ నోరు మూయించు ప్రభువా అని లోపల ప్రార్థన చేసుకున్నా. దేవుడు ఇట్టా వింటాడనుకోలేదు."

నేనూ పీచు అందుకున్నాను. ఇద్దరం ఆ డేగిసాను అవసరానికి మించి తోమాం.

మిగిలిన రోస్టు సన్నగా, పద్ధతిగా కోసి పెట్టాను. అన్నయ్య వచ్చి, తనకూ ఈమధ్య కాస్త ఇబ్బందిగా ఉంటోందని, మందుగా రెండు ముక్కలు వేసుకుంటానని చెప్పి ఆరు ముక్కలు వేసుకున్నాడు. వదిన ఏ జబ్బూ చెప్పకుండా తిన్నది. మిగతాది ఆమే సాయంత్రం ప్రార్థనకు ముందు ఫ్రిజ్‌లో దాచింది, తన కొత్త వంటింట్లోనే. పెద్దమ్మ నిద్రపోతోంది. చెప్పకుండానే బయల్దేరాను.

సాయంత్రం బండికి అన్నయ్య స్టేషన్లో దింపాడు. ఖాళీ క్యాను బుట్టలో మోగుతోంది. పెట్టెలో జనం లేరు. మిల్లు గుమస్తా ఒకాయన, గాజుల పెట్టెతో ఒక ఆవిడ, నేను. పల్లికోన దాటే దాకా ఈ ప్రయాణం గురించి రాస్తే ఏం రాయాలా అని ఆలోచించాను. బాపట్లలో మాంసం బాగుంటుంది, రేపల్లెలో ఇసుక దొరుకుతుంది, పోయే మనిషిని వంటతో ఆపలేం. ఇంతే అనుకున్నాను.

భట్టిప్రోలులో బండి ఆగినప్పుడు ఫోన్ మోగింది. వదిన నంబరు. ఎత్తితే పెద్దమ్మ.

"బండెక్కావా?"

"ఎక్కాను పెద్దమ్మా."

"చెప్పకుండా పోయావేం? సరే. ఆ మీగడ ఎప్పటిదే?"

"నిన్నటిది" అన్నాను.

"నిన్నటిది కాదు. మొన్నటిదీ కాదు. నాలుక మీద పులుపు నాకు తెలియదూ? మీగడ మూడు రోజులు దాచి ముసలిదానికి తెచ్చి పోస్తావా? పైగా ఆవపిండి కొన్నదా, దంచిందా?"

"దంచిందే!"

"మెత్తగా దంచావు. పలుకుండాలి. ఆ కోత ఎవరు నేర్పారే నీకు, కట్టెలు కొట్టేవాడా? నిప్పులు ఒక పక్కకి పోసి గిన్నె మూత పదిసార్లు తీస్తే సెగ ఉంటుందా? మీ అమ్మే నయం."

మీ అమ్మే నయం! మా అమ్మ పోయిన ఇన్నేళ్లకు పాసైంది.

"ఇవన్నీ తినేటప్పుడే చెప్పొచ్చుగా! బాగుందన్నావు కదా!"

"ఆకలేసింది. తింటూ మాట్లాడతారా ఎవరైనా? నువ్వు అడ్డం రాకుండా ఉండాలని బాగుందన్నా." గొంతు కాస్త పక్కకు తిరిగింది. "ఏయ్ గ్రేసూ, ఆ కాఫీ ఏంటి, కషాయమా? పొద్దున కూడా అంతే."

వెనకాల వదిన నవ్వుతోందో ఏడుస్తోందో ఫోన్లో తెలియలేదు. "నన్ను కూడా అంటున్నారు విజయా!" అని మాత్రం వినిపించింది.

నా వయసులో, నా చదువుకు, ఉద్యోగానికి తగినట్టు ఆ క్షణంలో పెద్దమ్మతో ప్రేమగా ఏదైనా అనాలి. "మీగడ పులవలేదు" అన్నాను. గాజులావిడ ఇటు తిరిగింది. "పులిసింది" అంది పెద్దమ్మ. పులిస్తే సాసు విరగాలి కదా అన్నాను. మైదా వేస్తే విరగదు, అది మోసం అంది. దొరసాని కూడా వేసేదన్నాను. దొరసానికి వంట రాదంది. మిల్లు గుమస్తా విషయమేమిటని గాజులావిడని అడిగాడు. మీగడ అని ఆవిడ చెప్పింది. చలికాలం మూడు రోజులుంటుందని ఆయన, రెండో రోజుకే పులుస్తుందని ఆవిడ అనుకుంటూ వాళ్లిద్దరూ వేరుగా మొదలుపెట్టారు. పెనుమర్రు దగ్గర సిగ్నల్ పోయింది. వేమూరులో పెద్దమ్మే మళ్లీ చేసి, "ఎక్కడున్నాం?" అంది.

ఈ దారిన వెళ్లేవాళ్లకు నా సలహా: మాంసాన్ని కోయనివ్వకండి, ఎగ్‌లెస్ బేకరీకి వెళ్లకండి, రేపల్లె బండిలో కుడివైపు కూర్చోండి, ఎండ పడదు. మీగడ మాత్రం నిజంగానే మూడు రోజులది. ఆ సంగతి మీతో చెబుతున్నాను కానీ ఆవిడతో చెప్పలేదు. చెబితే మాట అక్కడితో ఆగిపోతుంది. అందుకే జంపని దాటి తెనాలి దీపాలు కనిపించేవరకూ వాదించాను. ఓడిపోలేదు. గెలవకుండా కూడా జాగ్రత్తపడ్డాను.